రెప్పపాటు లెక్కలు

మా మేనల్లుడు ఒక పాత నికాన్ డి70 కొనదలచి, బేరం తెగే ముందు దాన్ని నా దగ్గరకు తీసుకొచ్చాడు. అమ్మే ఆయన మంచివాడిలాగే ఉన్నాడు, ఒక పూట ఉంచుకొని చూసుకోమని చేతికిచ్చాడట. "ఐదువేల బొమ్మలు కూడా తియ్యలేదట మామయ్యా, అంకె కూడా చూపించాడు" అంటూ కెమేరా వెనుక తెర మీద చివరి బొమ్మను చూపించాడు. దాని పేరు చివర 4812 అని ఉంది. అది 2004 లో విడుదలైన కెమేరా. ఇరవయ్యేళ్ళు దాటిన యంత్రం ఐదువేల సార్లు కూడా రెప్ప వాల్చలేదంటే నమ్మడమా, మానడమా? పిల్లవాడు నెలనెలా దాచుకొన్న డబ్బు గనుక ప్రశ్న చిన్నదేమీ కాదు.

పాత మోటారుసైకిలు కొనేవాడు మీటరు చూస్తాడు. పాత కెమేరా కొనేవాడు షట్టరు లెక్క అడుగుతాడు. కెమేరా ఎన్నిసార్లు 'క్లిక్' మన్నదో చెప్పే ఆ సంఖ్యను బట్టి దాని ఆయుర్దాయం అంచనా కట్టడం నేడు పరిపాటి. అయితే ఈ లెక్క అడగడం మొదలై ఎంతో కాలం కాలేదు. షట్టరుకు సుమారు నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉంటే, అందులో నూట ఇరవై ఏళ్ళకు పైగా ఆ లెక్క ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పగలిగినవారు లేరు. ఆ సంఖ్య ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే అది ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో కూడా తేలుతుంది.

1839 లో డగేర్ పద్ధతి లోకానికి వెల్లడైనప్పుడు కెమేరాకు షట్టరు లేదు, దాని అవసరమూ లేదు. బొమ్మ పడడానికి నిమిషాలు పట్టేది. కటకం మీది మూత తీసి, గడియారం చూసుకొని, మళ్ళీ మూత పెట్టేవారు. మనిషి చెయ్యే షట్టరు. 1851 లో ఆర్చర్ తడిపలకల పద్ధతి ప్రకటించాక నిమిషాలు సెకన్లకు దిగాయి కాని, మూత తీసి మూత పెట్టే పని చేతిదిగానే ఉండిపోయింది.

ఈ కథలో మన గుంటూరుకు కూడా ఒక చిన్న చోటుంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు జూల్స్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. గ్రహణ సమయంలో సూర్యుని అంచున ఎగసే జ్వాలలను వర్ణపటదర్శినితో పరీక్షించి, వాటిని గ్రహణం లేని రోజుల్లో కూడా చూడవచ్చునని కనిపెట్టాడు. అదే ఊళ్ళో అదే రోజున టెన్నంట్ నాయకత్వాన బ్రిటిష్ బృందం అదే గ్రహణాన్ని గాజుపలకల మీద ఛాయాచిత్రాలుగా తీసింది. సూర్యుడు పూర్తిగా మరుగయ్యే కొద్ది నిమిషాలలో పలక పెట్టడం, తెరవడం, మూయడం, పలక మార్చడం అన్నీ మనుషులు చేతులతోనే చేయాలి. తప్పు జరిగితే మరో అవకాశం లేదు.

ఆరేళ్ళ తరువాత, 1874 డిసెంబరులో, శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటే ఘట్టాన్ని పట్టుకోవడానికి ఇదే జాన్సెన్ జపాను వెళ్ళాడు. శుక్రుడు సూర్యుని అంచును సరిగ్గా ఏ క్షణాన తాకాడన్నది ముఖ్యం. ఆ క్షణాన్ని చెప్పడంలో ఒక మనిషి కన్నుకూ ఇంకొక మనిషి కన్నుకూ తేడా వస్తుంది. అందుకని ఆయన గడియారపు చక్రాలతో నడిచే ఒక 'ఛాయాచిత్ర రివాల్వరు' తయారు చేయించాడు. గుండ్రటి పలక ముందు చీలికలున్న బిళ్ళ తిరుగుతూ, 72 సెకన్లలో 48 బొమ్మలు తీస్తుంది. ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అన్న నిర్ణయాన్ని మనిషి చేతినుంచి తప్పించి పళ్ళచక్రాలకు అప్పగించిన తొలి పరికరాలలో ఇది ఒకటి. 1878 లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రాన్ని వరసగా పేర్చిన కెమేరాలతో చిత్రించేసరికి, చేత్తో మూతపెట్టే కాలం ముగిసిపోవస్తోందని తేలిపోయింది. అంత వేగంగా మూత పెట్టగల చెయ్యి లేదు.

మనం నేడు పరీక్షించే షట్టరుకు మూలపురుషుడు 1888 లో జర్మనీలో ఆటోమర్ ఆన్షుట్జ్ పేటెంటు పొందిన తెర షట్టరు. అది కటకం దగ్గర కాక, పలకకు సరిగ్గా ముందు ఉంటుంది. 1925 లో మార్కెట్టుకు వచ్చిన లైకా కెమేరాలో గుడ్డతెరలు ఫిల్ము ముందు అడ్డంగా పరుగెత్తేవి. సెకనులో 500 వ వంతు వాటి గరిష్ఠ వేగం. 1960 ల తొలినాళ్ళలో జపానులో కోపాల్ సంస్థ వారి చతురస్రపు షట్టరు వచ్చింది. గుడ్డకు బదులు పలుచని లోహపు రేకులు. అడ్డంగా 36 మిల్లీమీటర్లు పోయే బదులు నిలువుగా 24 మిల్లీమీటర్లు పోతే చాలు, ప్రయాణం తగ్గింది, వేగం పెరిగింది. డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమేరాల లోపల ఉన్నది ఈ వంశానికి చెందినదే.

దీని పనితీరు తెలిస్తేనే అరుగుదల అర్థమవుతుంది. ఇందులో రెండు తెరలుంటాయి. మొదటిది తెరుచుకొంటూ పోతుంది, రెండవది మూసుకొంటూ దాని వెంట పోతుంది. నెమ్మదైన వేగాలలో మొదటి తెర పూర్తిగా తెరుచుకొన్నాకే రెండవది బయలుదేరుతుంది. ఎక్కువ వేగాలలో మొదటిది గమ్యం చేరకముందే రెండవది బయలుదేరాలి. అప్పుడు సెన్సరు మీద పడేది రెండు తెరల మధ్య కదిలే ఒక సన్నని చీలిక మాత్రమే. లెక్క వేసి చూద్దాం. 24 మిల్లీమీటర్ల దూరాన్ని తెర 4 మిల్లీసెకన్లలో దాటుతుందనుకొంటే, సెకనులో 4000 వ వంతు వేగం దగ్గర ఆ చీలిక వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటరు. రెండవ తెర సెకనులో 20,000 వ వంతు ఆలస్యమైతే చాలు, ఆ మేరకు బొమ్మకు ఐదోవంతు వెలుతురు ఎక్కువ పడుతుంది. రేకులు అరగడం, స్ప్రింగులు సడలడం, కందెన జిగురెక్కడం, ఇవన్నీ మొట్టమొదట ఇక్కడే బయటపడతాయి. బొమ్మలో ఒక అంచు నల్లబడుతుంది, లేదా తెల్లబోతుంది.

ఇక లెక్క సంగతి. ఫిల్ము కెమేరాకూ ఒక అంకెల చక్రం ఉండేది కాని, అది రీలులో ఎన్నో బొమ్మలో ఉన్నామో చెప్పేది. వెనుక తలుపు తెరిస్తే మళ్ళీ మొదటికి వచ్చేది. కెమేరా జీవితకాలపు మొత్తం ఎక్కడా నమోదు కాదు. నమోదు చేయవలసిన అవసరమూ అంతగా కనపడలేదు, ఎందుకంటే ఫిల్ము ఖర్చే చేతిని కట్టి ఉంచేది. లక్ష బొమ్మలు తీయాలంటే 36 బొమ్మల రీళ్ళు 2,777 పైచిలుకు కొనాలి, కడిగించాలి. మామూలు గృహస్థు జీవితకాలంలో అంత దూరం పోయేవాడు కాదు.

1991 లో కొడాక్ సంస్థ నికాన్ ఎఫ్3 అనే ఫిల్ము కెమేరాకు 13 లక్షల చుక్కల సెన్సరు తగిలించి, బొమ్మలు దాచడానికి భుజాన వేలాడే ఒక పెట్టెతో సహా అమ్మింది. డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. చరిత్ర అక్కడ మొదలవుతుంది. ఫిల్ము పోయింది కాని, ఫిల్ము కెమేరా షట్టరు అలాగే ఉండిపోయింది. 1999 లో నికాన్ డి1, 2003 లో కేనన్ 300డి, 2004 లో డి70 వచ్చేసరికి ఈ కెమేరాలు పత్రికల వారి చేతుల్లోంచి ఉద్యోగస్థుల ఇళ్ళకు చేరాయి. అంతర్జాలంలో యూనికోడ్ తెలుగు వేళ్ళూనుకొంటున్న సంవత్సరాలు కూడా అవే. మనలో చాలామంది తొలిసారి తెలుగును తెర మీద టైపు చేసిన రోజులూ, తొలిసారి ఖర్చు లేకుండా వందల కొద్దీ బొమ్మలు తీసిన రోజులూ పక్కపక్కనే ఉన్నాయి. అదుపు చేసే ఫిల్ము లేదు గనుక షట్టరు మీద భారం ఒక్కసారిగా పెరిగింది. అప్పుడే "ఎన్నిటికి ఆగుతుంది?" అన్న ప్రశ్న పుట్టింది. తయారీదారులు తమ పరీక్షల సంఖ్యలను ప్రకటనలలో వేయసాగారు. 2005 నాటి నికాన్ డి200 కు, కేనన్ 5డి కి లక్ష. 2007 లో వచ్చిన నికాన్ డి300 కు లక్షా యాభైవేలు, డి3 కి మూడు లక్షలు.

జవాబు ఇచ్చే మార్గం కూడా ఆ రోజుల్లోనే ఏర్పడింది. 1995 లో జపానులో రూపొందిన ఎగ్జిఫ్ ప్రమాణం ప్రకారం, ప్రతి బొమ్మ దస్త్రంలోనూ తేదీ, వేగం, కటకపు వివరాలు కంటికి కనపడకుండా నమోదవుతాయి. తయారీదారు తన సొంత గుర్తులు రాసుకోవడానికి కూడా అందులో కొంత చోటు ఉంది. నికాన్ ఆ చోట షట్టరు లెక్కను రాసింది. పెంటాక్స్ కూడా రాసింది కాని సంకేతంగా మార్చి రాసింది. కేనన్ కెమేరాలలో చాలావాటికి బొమ్మలో ఆ లెక్క ఉండదు. కొన్నింటిని కంప్యూటరుకు తగిలించి చదవాలి, మరికొన్ని పాతవాటికి ఆ వీలు కూడా లేదు. చిన్న జేబు కెమేరాలలో సాధారణంగా ఈ లెక్క వెతకడమే వృథా. 2003 లో ఫిల్ హార్వీ తయారుచేసిన ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ఉపకరణం ఈ దాగిన గుర్తులను అందరికీ చదివి పెట్టింది. ఆ విధంగా కర్మాగారపు పరీక్షశాలలో పుట్టిన అంకె పాతసరకు బజారుకు చేరింది.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా జరుగుతుంటాయి. మొదటిది, బొమ్మ పేరులోని అంకెను షట్టరు లెక్కగా భావించడం. ఆ అంకె 9999 చేరగానే మళ్ళీ 0001 కు వస్తుంది. అమరికను బట్టి కార్డు మార్చినప్పుడు కూడా మొదటికి రావచ్చు. రెండవది, పరీక్షల సంఖ్యను గడువుతేదీగా భావించడం. లక్షకు పరీక్షించామంటే లక్షా ఒకటవ బొమ్మకు ఆగిపోతుందని కాదు, లక్ష వరకు తప్పక నడుస్తుందనీ కాదు. ఇరవైవేలకే చెడినవీ, మూడు లక్షలు దాటి నడిచినవీ ఉంటాయి. పైగా షట్టరు మార్చినా పాత లెక్కే కొనసాగవచ్చు, లోపలి ప్రధాన ఫలకం మార్చితే లెక్క మారిపోవచ్చు.

అంతకన్నా ముఖ్యమైనది, చెడిపోవడానికి షట్టరొక్కటే దారి కాదు. చరిత్రలో దీనికి మూడు సాక్ష్యాలు ఉన్నాయి. డి70 కెమేరాలు కొన్ని షట్టరు బాగుండగానే, ఒక ఆకుపచ్చ దీపం ఆగకుండా మిణుకుమిణుకుమంటూ మొరాయించాయి. లోపం విద్యుత్ భాగాలది. నికాన్ వారే వాటిని ఉచితంగా బాగుచేసి ఇచ్చారు. కేనన్ 5డి లో కొన్నింటికి అద్దం అతుకు ఊడి రాలిపోయేది. 2009 లో కేనన్ ఆ లోపాన్ని ఒప్పుకొని ఉచిత మరమ్మతు ప్రకటించింది. 2012 లో వచ్చిన నికాన్ డి600 ది మరీ విచిత్రం. కొత్తగా ఉన్నప్పుడే సెన్సరు మీద చుక్కలు పేరుకొనేవి. 2014 లో నికాన్ షట్టరునే ఉచితంగా మార్చి ఇస్తామంది. ఈ కెమేరాలలో తక్కువ లెక్క చూసి మురిసిపోయినవాడు మోసపోతాడు. అంకె అబద్ధం చెప్పలేదు. మనం అడగని ప్రశ్నకు అది జవాబు చెప్పలేదు, అంతే.

కాబట్టి లెక్క చూసిన తరువాత కెమేరాను కూడా చూడాలి. ముందుగా, అప్పుడే తీసిన బొమ్మను కార్డునుంచి నేరుగా తీసుకొని ఎగ్జిఫ్‌టూల్‌తో చదవాలి. అమ్మేవారు పంపించిన పాత బొమ్మ పనికిరాదు, ఎందుకంటే దానిలోని గుర్తులను మార్చవచ్చు, సందేశాలలో పంపినప్పుడు అవి చెరిగిపోనూ వచ్చు. తరువాత ఒంటిని పరిశీలించాలి. పట్టు దగ్గర రబ్బరు జారిపోయి, ఫ్లాషు తగిలించే చోట రంగు పోయి లోహం మెరుస్తూ, లెక్క మాత్రం మూడువేలని చూపిస్తుంటే సందేహించాలి.

ఆ పైన తెల్లని గోడను సమంగా వెలుతురు ఉన్న చోట చూసుకొని, వేగమూ కటకపు రంధ్రమూ జతగా మారుస్తూ, మొత్తం వెలుతురు సమానంగా ఉండేట్టు వరసగా బొమ్మలు తీయాలి. గరిష్ఠ వేగం దగ్గర ఒక అంచు తేడాగా ఉంటే షట్టరు అలిసిందని అర్థం. ఒకే వేగంతో ఇరవై బొమ్మలు తీసి, వాటి వెలుగు ఒకటిగా ఉందో లేదో కూడా చూడాలి. వరసగా తీసేటప్పుడు చెవి కూడా పనిచేయాలి. శబ్దం సమానమైన అంతరంతో రావాలి, మధ్యలో తడబడకూడదు. కొన్నాళ్ళు పెట్టెలో పడి ఉన్న కెమేరాకు మొదటి నొక్కే అసలు పరీక్ష. జిగురెక్కిన షట్టరు పది నొక్కుల తరువాత దారిలో పడి, తన జబ్బును దాచుకోగలదు.

డి70 విషయంలో ఒక మెలిక ఉంది. డి70, డి50, డి40 కెమేరాలలో షట్టరు సగం యాంత్రికం, సగం విద్యుత్ సంబంధమైనది. పై వేగాలలో వెలుతురును కొలిచి కోసేది రేకులు కావు, సెన్సరే. అందుకే ఫ్లాషుతో సెకనులో 500 వ వంతు దాకా అవి పనిచేయగలిగాయి. అంటే వీటిలో గరిష్ఠ వేగం దగ్గర గోడ బొమ్మ చక్కగా వచ్చినంత మాత్రాన రేకులు బాగున్నాయనుకోరాదు. నెమ్మదైన వేగాలనే పదేపదే పరీక్షించాలి. లెన్సు తీసి, రెండు మూడు సెకన్ల వేగంతో నొక్కి, రేకులు పూర్తిగా పక్కకు మడిచిపోతున్నాయా, ఏ అంచైనా లోపలికి వేలాడుతోందా అని దుమ్ము లేని చోట చూసుకోవాలి. అదే కాలపు డి200 కు ఈ మెలిక లేదు. దాని షట్టరు పూర్తిగా యాంత్రికం. ముందుగా అద్దాన్ని పైకి లేపే అమరిక కూడా దానికి ఉంది. మొదటి నొక్కుతో అద్దం లేచి, మూసి ఉన్న రేకులు ఎదురుగా కనిపిస్తాయి. వాటి మీద వంపు, నూనె మరక, రాపిడి మెరుపు ఉన్నాయేమో చూడవచ్చు. అయితే వేలు పెట్టకూడదు, గాలి ఊదకూడదు. ఆ రేకులు కాగితమంత పలుచన.

మేనల్లుడి కెమేరాతో నేను కూడా ఈ పనులన్నీ వరసగా చేశాను. అప్పుడే తీసిన బొమ్మను ఎగ్జిఫ్‌టూల్‌కు ఇస్తే వచ్చిన లెక్క 44,831. పిల్లవాడి ముఖం మారిపోయింది. "అబద్ధం చెప్పాడు మామయ్యా" అన్నాడు. కాగితం తీసుకొని లెక్క వేయమన్నాను. 9999 నాలుగుసార్లు తిరిగితే 39,996. దానికి 4,812 కలిపితే 44,808. మిగిలిన ఇరవైమూడు కార్డు లేకుండా నొక్కినవి కావచ్చు. ఆయన అబద్ధం చెప్పలేదు. తెర మీది అంకెను మనలాగే నమ్మాడు. నెమ్మదైన వేగాలలో షట్టరు నిలకడగా ఉంది, శబ్దం సమంగా ఉంది, రేకులు శుభ్రంగా మడుస్తున్నాయి. పట్టు దగ్గరి రబ్బరు మాత్రం కొంచెం లేచింది.

మరునాడు వాడు వెళ్ళి, కాగితం మీది లెక్కతో సహా ఆయనకు చెప్పాడట. ఆయన కాసేపు ఊరుకొని, "అన్ని తీశానా!" అన్నాడట. వాటిలో ఇప్పుడు తన దగ్గర మిగిలినవి ఎన్నో తనకే తెలియదన్నాడట. కొన్ని సీడీలలో ఉండాలి, కొన్ని పాత కంప్యూటరుతో పాటే పోయాయి. తరువాత అడగకుండానే ధర తగ్గించాడు.

మేనల్లుడు కెమేరా కొన్నాడు. లెక్క ఎక్కువే, కాని తెలిసిన లెక్క. 44,831 సార్లు తెరుచుకొని మూసుకొన్న ఆ రేకులు ఇంకెన్నిసార్లు తెరుచుకొంటాయో చెప్పే సాధనం ఇంతవరకు ఎవరూ తయారు చేయలేదు. మొదటి వారం బొమ్మలను రెండు చోట్ల దాచమని మాత్రం వాడికి చెప్పాను.